ఎన్ని తోడేళ్లుంటే చాలు?

30 జంటలు, 300 తోడేళ్లు. ఉత్తర రాకీ పర్వతాల్లో, అంటే అమెరికాలోని మొంటానా, ఐడహో, వయోమింగ్ రాష్ట్రాల్లో, తోడేళ్ల జాతి మళ్లీ నిలదొక్కుకుందని ఎప్పుడు ఒప్పుకోవాలి? ఈ ప్రశ్నకు అక్కడి ఫెడరల్ ప్రభుత్వం రాసిపెట్టుకున్న జవాబు అది. రాష్ట్రానికి 10 జంటలు, 100 తోడేళ్లు చొప్పున. జంట అంటే ఊరికే కలిసి తిరిగే ఆడా మగా అని కాదు. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో కనీసం రెండింటిని డిసెంబరు 31 దాకా బతికించుకోగలిగితేనే జంట కింద లెక్క. ఈ సంఖ్య వరసగా మూడేళ్లు నిలవాలి. 2002 చివరికల్లా నిలిచింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గడిచినా ఆ మూడు రాష్ట్రాల్లో తోడేళ్లు ఆ గీత కిందికి ఎన్నడూ రాలేదు. చాలా ఏళ్లుగా దానికి ఐదారు రెట్లకు పైనే ఉన్నాయి. మామూలుగా అయితే గొడవ అక్కడితో తీరిపోవాలి. తీరకపోగా కోర్టుల్లో, శాసనసభల్లో, చివరికి అమెరికన్ కాంగ్రెస్‌లో కూడా అప్పటి నుంచే ముదిరింది. కారణం ఆ సంఖ్యలోనే ఉంది. ఇంతకన్నా తగ్గితే ప్రమాదం అన్న ఉద్దేశంతో జీవశాస్త్రవేత్తలు 300 అని రాశారు. ఇంతవరకూ తగ్గించవచ్చు అన్న అనుమతిగా కొన్ని శాసనసభలు దాన్ని చదువుకున్నాయి. ఈ అధ్యాయం ఆ రెండు చదువుల మధ్య జరిగిన కథ.

నిజానికి ఒకప్పుడు తోడేళ్ల విషయంలో రాష్ట్రాలకూ కేంద్రానికీ అభిప్రాయభేదమే లేదు. మసాచుసెట్స్ తీరంలో ఇంగ్లిషు వలసదారులు స్థిరపడ్డ తొలినాళ్లలోనే, 1630లో, చంపిన తోడేలుకు ఇంత అని బహుమతి ప్రకటించారు. మొంటానాలో ఈ పద్ధతి 1884లో మొదలైంది. 1905లో అదే మొంటానా శాసనసభ ఇంకో మెట్టెక్కింది. పట్టుకున్న తోడేళ్లకు గజ్జి అంటించి అడవిలోకి వదలాలని పశువైద్యాధికారిని ఆదేశిస్తూ చట్టం చేసింది. పశువులకు వైద్యం చేయాల్సిన అధికారి జబ్బును పంచడం చట్టబద్ధమైన విధి అయింది. 1915 నుంచి ఫెడరల్ ప్రభుత్వమే జీతాలిచ్చి వేటగాళ్లను పెట్టింది. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో కూడా తోడేళ్లను మిగల్చలేదు. 1926లో ఆ పార్కు సిబ్బంది చివరి తోడేలు పిల్లల్ని చంపారు. 1973లో అంతరించిపోతున్న జాతుల రక్షణ చట్టం వచ్చే నాటికి, అలాస్కాను పక్కనపెడితే, అమెరికాలో తోడేళ్లు మిగిలింది మిన్నెసోటా ఈశాన్య అడవుల్లోనూ, సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవిలోనూ మాత్రమే.

మరో ఇరవై ఏళ్ల తర్వాత అదే ఫెడరల్ ప్రభుత్వం కెనడా నుంచి తోడేళ్లను పట్టి తెప్పించింది. 1995, 1996 సంవత్సరాల్లో ఎల్లోస్టోన్‌లో 31, ఐడహో నడిబొడ్డు అడవుల్లో 35 వదిలారు. వదిలేటప్పుడే ఒక మెలిక పెట్టారు. చట్టంలోని ఒక సెక్షన్ కింద వీటిని ‘ప్రయోగాత్మక జనాభా’గా ప్రకటించారు. దాంతో పశువుల మీద పడ్డ తోడేలును చంపే వెసులుబాటు మొదటి నుంచీ ఉంది. పశుపాలకులను ఒప్పించడానికి ఇచ్చిన రాయితీ అది. తోడేళ్లు మాత్రం ఎవరూ ఊహించనంత వేగంగా పెరిగాయి. ఎల్క్ అనే పెద్ద జింకలు ఎల్లోస్టోన్‌లో అప్పటికే వేలకు వేలున్నాయి. తిండికి కొదవ లేదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి వింతగా తోచే విషయం ఒకటుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తోడేలు మొదటి షెడ్యూలులో ఉంది. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో తిరిగే తోడేలైనా, ఉత్తరప్రదేశ్ చెరకు తోటల్లో తిరిగేదైనా, దాన్ని చంపాలంటే అది మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిందని గానీ, కోలుకోలేనంతగా జబ్బుపడిందని గానీ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వకంగా ఆదేశించాలి. 2024లో బహ్రైచ్ జిల్లాలో పిల్లల మీద దాడులు జరిగినప్పుడు కూడా వ్యవహారం ఆ దారిలోనే నడిచింది. జాతి కోలుకుంటే లైసెన్సులు అమ్మి వేటకు తెరుస్తారన్న ఆలోచనే మన చట్టంలో లేదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ వన్యప్రాణులను ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది కాబట్టి ఇక్కడ కేంద్రం మాట శాశ్వతంగా చెల్లుతుంది. అమెరికాలో అలా కాదు. అడవి జంతువులు ఆ రాష్ట్ర ప్రజల ఉమ్మడి ఆస్తి, రాష్ట్ర ప్రభుత్వం దానికి ధర్మకర్త అన్నది అక్కడి న్యాయ సంప్రదాయం. జాతి ప్రమాదంలో పడి ఫెడరల్ జాబితాలోకి ఎక్కినప్పుడు మాత్రమే పెత్తనం వాషింగ్టన్‌కు పోతుంది. జాబితా నుంచి దిగిన మరుక్షణం మళ్లీ రాష్ట్రం చేతికి వస్తుంది. వచ్చాక ఎల్క్ లాగా, నల్ల ఎలుగు లాగా తోడేలు కూడా కోటా కట్టి వేటాడదగిన జంతువే. అంటే అక్కడ కోలుకోవడమంటేనే వేటకు అర్హత సంపాదించుకోవడం.

అందుకే జాబితా చుట్టూ అంత పెనుగులాట. ఫెడరల్ వన్యప్రాణి శాఖ 2008లో ఉత్తర రాకీ తోడేళ్లను జాబితా నుంచి తీసింది. కొద్ది నెలలకే మొంటానాలోని ఫెడరల్ జడ్జి డొనాల్డ్ మొలాయ్ దాన్ని ఆపారు. 2009లో వయోమింగ్‌ను వదిలేసి మొంటానా, ఐడహోల్లో మాత్రం తీశారు. ఎందుకంటే రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 85 శాతం భూమి మీద తోడేలును ఎవరైనా, ఎప్పుడైనా, లైసెన్సు లేకుండా చంపవచ్చన్నది వయోమింగ్ ఆలోచన. ఆ ఏడు రెండు రాష్ట్రాలూ తొలిసారి వేట సీజను పెట్టాయి. మొంటానా 75 కోటా పెట్టి 72 దగ్గర ముగించింది. పద్ధతిగానే జరిగింది. కానీ 2010 ఆగస్టులో మొలాయ్ మళ్లీ కొట్టేశారు. తోడేళ్ల జనాభా ఒకటే అయినప్పుడు రాష్ట్ర సరిహద్దు దగ్గర గీత గీసి ఇటువైపు రక్షణ, అటువైపు వేట అనడానికి చట్టం ఒప్పుకోదని ఆయన తీర్పు.

దీనికి కాంగ్రెస్ ఇచ్చిన జవాబు విచిత్రమైనది. 2011 ఏప్రిల్‌లో, ప్రభుత్వం మూతపడకుండా హడావుడిగా ఆమోదించిన బడ్జెట్ చట్టంలో కొన్ని పంక్తులు చేర్చారు. 2009 ఉత్తర్వును మళ్లీ జారీ చేయాలి, దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదు అని వాటి సారాంశం. తెచ్చింది ఐడహో నుంచి ఒక రిపబ్లికన్, మొంటానా నుంచి ఒక డెమొక్రాట్. తోడేళ్ల రాజకీయం పార్టీల గీతల మీద మాత్రమే నడవదని ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. ఒక జాతిని రక్షిత జాబితా నుంచి శాసనం ద్వారా తీసేయడం కాంగ్రెస్‌కు అదే మొదలు. దీనిమీద కూడా పిటిషను పడింది, అదీ మొలాయ్ దగ్గరికే వచ్చింది. ఇలా చేయడం తనకు ఏమాత్రం నచ్చలేదని తీర్పులో చెబుతూనే, పై కోర్టు పూర్వ తీర్పులకు కట్టుబడి పిటిషను కొట్టేశారు. వయోమింగ్ కథ ఇంకా లాగింది: 2012లో జాబితా నుంచి తీశారు, 2014లో చేర్చారు, 2017లో మళ్లీ తీశారు.

వయోమింగ్ ఆలోచన కాగితం మీద ఉన్నప్పుడు ఒకలా ఉంటుంది, నేల మీద ఇంకోలా ఉంటుంది. 2024లో ఒక వ్యక్తి స్నోమొబైల్‌తో ఒక తోడేలును గుద్ది, అది ప్రాణాలతో ఉండగానే మూతి కట్టి బారులోకి తెచ్చి చూపించిన సంగతి బయటపడింది. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. వన్యప్రాణి శాఖ వేసిన జరిమానా 250 డాలర్లు. అదీ బతికున్న అడవి జంతువును దగ్గర ఉంచుకున్నందుకు. వాహనంతో తొక్కించడం ఆ 85 శాతం నేల మీద అప్పటికి వేట చట్టం కింద నేరం కాదు. వేటగాళ్లలో కూడా చాలామంది అసహ్యించుకున్నారు. వేట అంటే వాళ్ల లెక్కలో ఇది కాదు.

ఇప్పుడు 2021కి వద్దాం. ఆ ఏడు మూడు చోట్ల మూడు రకాలుగా ఒకే సంగతి జరిగింది.

ఐడహోలో ఆ వసంతంలో కొత్త చట్టం వచ్చింది. ఒక మనిషి ఎన్ని తోడేళ్లనైనా చంపవచ్చు. సొంత భూమిలో ఏడాది పొడుగునా ఉచ్చులు పెట్టవచ్చు. వాహనాల మీద వెంబడించవచ్చు. ప్రైవేటు కాంట్రాక్టర్లకు ప్రభుత్వమే డబ్బిచ్చి చంపించవచ్చు. ‘90 శాతం తోడేళ్లను చంపే చట్టం’ అని పత్రికలు రాశాయి. ఆ 90 ఎక్కడిది? రాష్ట్రంలో అప్పటి అంచనా సుమారు 1,500. 2002 నాటి రాష్ట్ర ప్రణాళికలో కనీస సంఖ్య 150. తీసివేత చేస్తే వచ్చేది అదే. ఇరవై ఏళ్ల కిందట ప్రమాద సూచికగా రాసుకున్న అంకె ఇప్పుడు గమ్యస్థానం లాగా వినిపించడం మొదలైంది.

జరిగింది మాత్రం అది కాదు. రాష్ట్రం చెప్పిన లెక్కల్లో 2022కి సుమారు 1,340, 2023కి 1,150 అయ్యాయి. తగ్గాయి, కానీ పదో వంతుకు కాదు. తోడేలును తుపాకితో కొట్టడం కష్టం. మైళ్లకు మైళ్లు తిరుగుతుంది, రాత్రిపూట కదులుతుంది, ఒకసారి తప్పించుకున్నది మళ్లీ దొరకదు. వేటాడినా ఇవి అంతరించవు అని రాష్ట్రాలు చెబుతున్న మాటలో ఈ మేరకు నిజం ఉంది. దాన్ని ఒప్పుకోవడానికి పర్యావరణవాదులు ఇష్టపడరు. ఐడహో 2023లో తెచ్చిన కొత్త ప్రణాళిక సంఖ్యను సగటున 500 చుట్టూ ఉంచాలంటుంది. ఎందుకు 500 అంటే, అంతకు తగ్గితే ఫెడరల్ శాఖ మళ్లీ జోక్యం చేసుకోవచ్చన్న లెక్క ఒకవైపు, అంతకు పెరిగితే ఎల్క్ వేటగాళ్లూ పశుపాలకులూ ఊరుకోరన్న లెక్క ఇంకోవైపు. జీవశాస్త్రం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఈ అంచనాలు కూడా తలలు లెక్కపెట్టి వేసినవి కావు. ఐడహోలో అడవంతా అమర్చిన కెమెరాల ఫొటోల నుంచి గణిత నమూనాతో తీశారు. మొంటానాలో జింకల, ఎల్క్‌ల వేటగాళ్లకు ఫోన్ చేసి ‘తోడేళ్లు కనిపించాయా, ఎక్కడ, ఎన్ని’ అని అడిగి, ఆ జవాబుల నుంచి తేలిన మొత్తం విస్తీర్ణాన్ని ఒక గుంపు తిరిగే విస్తీర్ణంతో భాగించి, గుంపు పరిమాణంతో గుణించే పద్ధతి ఉంది. ఈ పద్ధతి సంఖ్యను పెంచి చూపిస్తుందని కొందరు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అంటున్నారు, కాదని శాఖ అంటుంది. కోటా కట్టేది ఆ సంఖ్య మీదే కాబట్టి ఇది పండితుల కాలక్షేపం అనుకోకూడదు.

మొంటానాలో గొడవ ఎల్లోస్టోన్ సరిహద్దు మీద నడిచింది. పార్కులో వేట నిషేధం. కానీ తోడేలుకు సరిహద్దు తెలియదు. ఎల్క్‌లు చలికాలంలో కిందికి దిగితే వాటి వెనకే దిగుతుంది. పార్కు ఉత్తరపు అంచున ఉన్న రెండు వేట యూనిట్లలో అంతకుముందు ఒక్కో తోడేలు మాత్రమే కోటా. 2021లో రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ దాన్ని ఎత్తేసింది. ఆ చలికాలం ముగిసేసరికి పార్కు గుంపులకు చెందిన 25 తోడేళ్లు చనిపోయాయి. మొంటానాలో 19, వయోమింగ్‌లో 4, ఐడహోలో 2. పార్కులో అప్పటికి ఉన్నవే సుమారు 120. పార్కు సూపరింటెండెంటు మొంటానా గవర్నరుకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఆ గవర్నరు గ్రెగ్ జియాన్‌ఫోర్టే అంతకుముందు ఫిబ్రవరిలోనే పార్కు బయట, మెడలో రేడియో కాలరున్న ఒక ఎల్లోస్టోన్ తోడేలును ఉచ్చులో పట్టి చంపారు. తప్పనిసరి శిక్షణ తరగతి పూర్తి చేయకుండా చేసినందుకు రాతపూర్వక హెచ్చరిక కూడా అందుకున్నారు. మరుసటి ఏడు ఆ ప్రాంతానికి కమిషన్ మళ్లీ కోటా పెట్టింది. ఆరు.

25 అంటే మొంటానా మొత్తానికి పెద్ద సంఖ్య కాదు. సమస్య ఏ 25 అన్నది. తోడేళ్ల గుంపంటే సాధారణంగా ఒక కుటుంబం. తల్లి, తండ్రి, రెండు మూడు ఈతల పిల్లలు. ఎల్లోస్టోన్, అలాస్కాలోని డెనాలి సహా ఐదు జాతీయ పార్కుల సమాచారాన్ని కలిపి 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే, మనిషి చేతిలో చచ్చింది గుంపును నడిపే జంటలో ఒకటైతే, ఆ గుంపు ఏడాది చివరి దాకా నిలిచే అవకాశమూ, మరుసటి వసంతంలో పిల్లల్ని కనే అవకాశమూ బాగా పడిపోతాయి. చచ్చింది ఏదో ఒక పిల్ల అయితే అంత దెబ్బ తగలదు. జనాభా పట్టికలో రెండు చావులూ ఒక్కటే. గుంపుకు మాత్రం కావు.

తోడేళ్లలో కొన్నింటిని మనిషి చంపితే, ఎలాగూ ఆకలికో, పోట్లాటకో చచ్చేవే ఆ లెక్కలో సర్దుకుంటాయన్నది వేట నిర్వహణ వెనకున్న పాత సిద్ధాంతం. అలాస్కా సమాచారంతో 2008లో వచ్చిన ఒక పత్రం ఏటా సుమారు 29 శాతం దాకా చంపినా జనాభా తట్టుకుంటుందని చెప్పింది. రాకీ పర్వతాల లెక్కలతో రెండేళ్ల తర్వాత వచ్చిన ఇంకో పత్రం, అంత సర్దుబాటేమీ కనబడలేదని, మనిషి చంపినవి మామూలు చావుల మీద అదనంగానే పడుతున్నాయని, భరించగల శాతం అంతకన్నా తక్కువని చెప్పింది. రాష్ట్ర శాఖలు మొదటిదాన్ని ఉదహరిస్తాయి, పిటిషనర్లు రెండోదాన్ని. నన్నడిగితే అలాస్కా లాంటి ఖాళీ నేలనూ, చుట్టూ రోడ్లూ పశువుల మేతభూములూ ఉన్న మొంటానానూ ఒకే శాతంతో కొలవబోవడమే తొలి పొరపాటు.

పశువుల సంగతిలోనూ ఇదే గందరగోళం. తోడేళ్లను చంపితే మరుసటి ఏడు పశువుల మీద దాడులు పెరుగుతున్నాయని, గుంపులు చెదిరిపోవడమే కారణం కావచ్చని 2014లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి ఒక పత్రం వచ్చింది. ఎంతో సంచలనమైంది. అవే అంకెలను వేరే గణాంక పద్ధతితో చూసిన మరికొందరు ఆ ఫలితం నిలవదన్నారు. చట్టబద్ధంగా కాస్త చంపనిస్తే జనంలో కోపం చల్లారి దొంగవేట తగ్గుతుందన్న వాదన కూడా ఇలాగే పరీక్షకు గురైంది. విస్కాన్సిన్, మిషిగన్ లెక్కలు పట్టుకుని 2016లో ఇద్దరు పరిశోధకులు దాన్ని తలకిందులు చేశారు. ప్రభుత్వమే చంపడానికి అనుమతిస్తే, తోడేలు ప్రాణానికి విలువ లేదన్న సందేశం వెళ్లి దొంగవేట పెరుగుతుందన్నారు. దానికీ ఖండనలు వచ్చాయి. ఈ శాస్త్రం ఇంకా తేలలేదు. తేలలేదని ఒప్పుకోవడం శాసనసభలో ఓట్లు తెచ్చే పని కాదు కాబట్టి, ఎవరికి కావలసిన పత్రం వాళ్ల చేతిలో ఉంటుంది.

మూడోది విస్కాన్సిన్. ఇది రాకీల కథ కాదు, గ్రేట్ లేక్స్ కథ. అక్కడికి తోడేళ్లను ఎవరూ తెచ్చి వదల్లేదు. మిన్నెసోటా నుంచి వాటంతటవే నడిచి వచ్చాయి. 2020 మొదట్లో వెయ్యికి కొంచెం పైన ఉన్నాయి. జాబితా నుంచి దిగితే చాలు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట పెట్టి తీరాలి అని 2012 నాటి రాష్ట్ర చట్టం. పెట్టవచ్చు అనలేదు, తీరాలి అంది. 2021 జనవరి 4న జాబితా నుంచి దిగాయి. తొందరపడకుండా ఆ నవంబరులో పెడదామని రాష్ట్ర సహజ వనరుల శాఖ అనుకుంది. బైటి రాష్ట్రంలో కార్యాలయం ఉన్న ఒక వేటగాళ్ల సంఘం కోర్టుకెక్కింది. చట్టంలో ఫిబ్రవరి అని ఉంది కదా అంది. స్థానిక జడ్జి ఒప్పుకున్నారు. తోడేళ్లు జతకట్టే నెలలో, పది రోజుల్లో అంతా సిద్ధం చేసి ఫిబ్రవరి 22న వేట తెరిచారు.

మొత్తం కోటా 200. అందులో 81 ఓజిబ్వే ఆదివాసీ తెగల వాటా, లైసెన్సు వేటగాళ్లకు 119. మూడు రోజులు నిండకుండానే 218 చచ్చాయి. తాజా మంచు మీద జాడలు స్పష్టంగా ఉన్నాయి, రాత్రి వేటకు అనుమతి ఉంది, వేటకుక్కలను వదలవచ్చు. చచ్చినవాటిలో 86 శాతం కుక్కలతో తరిమినవే. ఆపాలని శాఖ అనుకున్నా, 24 గంటల ముందు ప్రకటన ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ 24 గంటల్లో ఎవరి తుపాకీ ఆగలేదు. కోటా దాటడం కూడా చట్టప్రకారమే జరిగింది. లెక్కకు రాని దొంగవేటను కూడా కలిపి చూస్తే ఏడాదిలో రాష్ట్రపు తోడేళ్లలో నాలుగో వంతుకు పైగా, దాదాపు మూడో వంతు పోయి ఉంటాయని విస్కాన్సిన్–మేడిసన్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కకట్టారు. శాఖ ఆ అంచనాతో ఏకీభవించలేదు.

నాకు ఆ 81 దగ్గర ఆగాలనిపిస్తుంది. 1837, 1842 ఒప్పందాల్లో ఓజిబ్వేలు తమ భూములను అమెరికా ప్రభుత్వానికి అప్పగించినా, వాటి మీద వేట, చేపల హక్కులు తమకే ఉంచుకున్నారు. 1983లో ఫెడరల్ కోర్టు వాటిని గుర్తించింది. ఆ హక్కుతో వచ్చిన వాటాను వాళ్లు వాడుకోలేదు. తోడేలు వాళ్ల సృష్టికథలో తొలి మనిషికి అన్నదమ్ముడి వంటిది, దానికేం జరిగితే తమకూ అదే జరుగుతుందని వాళ్ల నమ్మకం. ఆ 81 తోడేళ్లను బతకనివ్వడమే తమ వాటాను వాడుకునే తీరు అన్నారు. లైసెన్సు వేటగాళ్లు 119 దాటి 218కి వెళ్లడమంటే వాళ్లు వదిలిన 81నీ, మరో 18నీ తీసుకోవడం. వాటా అంటే చంపే హక్కు మాత్రమేనా, చంపకుండా ఉంచే హక్కు కూడానా అన్న ప్రశ్న రాష్ట్ర నిర్వహణ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

నవంబరు సీజనుకు శాఖ శాస్త్రవేత్తలు 130 అన్నారు, విధానం నిర్ణయించే బోర్డు 300 అంది. ఆ బోర్డు అధ్యక్షుడి పదవీకాలం మేలోనే ముగిసింది. తన స్థానంలో వచ్చేవారిని రాష్ట్ర సెనేట్ ఖరారు చేయలేదు కాబట్టి దిగనని ఆయన కూర్చున్నారు. మరుసటి ఏడు రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆయన పక్షానే చెప్పింది. అయితే వేట జరగలేదు. ముందు ఒక రాష్ట్ర జడ్జి ఆపారు. 2022 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు, రాకీలను మినహాయించి, తోడేళ్లను తిరిగి జాబితాలో చేర్చింది.

ఇంత జరిగాక బోర్డుల్లో, కమిషన్లలో కూర్చునేది ఎవరని అడగాలి. చాలా రాష్ట్రాల్లో గవర్నరు నియమించిన వాళ్లు, ఎక్కువగా వేటగాళ్లు, పశుపాలకులు, గైడ్లు. దీన్ని కుట్ర అనడం తేలిక. డబ్బు దారి పట్టుకుని చూస్తే కుట్ర అక్కర్లేదనిపిస్తుంది. రాష్ట్ర వన్యప్రాణి శాఖలు చాలావరకు వేట, చేపల లైసెన్సుల రుసుముల మీదా, 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే 10, 11 శాతం ఎక్సైజు పన్ను మీదా నడుస్తాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తుడిచిపెట్టుకుపోయిన జింకలను, ఎల్క్‌లను, అడవి టర్కీ కోళ్లను తిరిగి తెచ్చింది ఈ డబ్బే. ఆ ఘనత వేటగాళ్లదే. అయితే ఎల్క్ లైసెన్సు కొన్నవాడు ఎల్క్ కావాలంటాడు, తోడేలు కూడా ఎల్క్‌నే తింటుంది. తోడేళ్లను చూడటానికే ఎల్లోస్టోన్ వచ్చేవాళ్లు చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఏటా సుమారు 3.5 కోట్ల డాలర్లు ఖర్చు పెడుతున్నారని 2006లోనే ఒక అధ్యయనం తేల్చింది. ఆ డబ్బు హోటళ్లకు, గైడ్లకు పోతుంది. బైనాక్యులర్ల మీద తుపాకుల మీద లాగా పన్ను లేదు. వచ్చినవాళ్ల ఇష్టం శాఖ పద్దులో ఎక్కడా కనబడదు.

పశుపాలకుల బాధ కూడా సగటుల్లో కనబడదు. రాష్ట్రం మొత్తం మీద తోడేళ్ల వల్ల పోయే పశువులు ఒక శాతంలో చిన్న భాగం. జబ్బులు, చలి, ఈత కష్టాలు చంపేవి అంతకు ఎన్నో రెట్లు. ఈ మాట చెప్పి ఊరుకునే పట్టణవాసిని చూస్తే పశుపాలకుడికి ఒళ్లు మండుతుంది, న్యాయంగానే. నష్టాన్ని రాష్ట్రమంతా సమానంగా పంచుకోదు. ఒక గుంపు పిల్లల్ని పెట్టిన లోయలో ఉన్న నాలుగైదు కుటుంబాల మీదే పడుతుంది. కళేబరాన్ని కొండల్లో వెతికి, తోడేలే చంపిందని అధికారితో రుజువు చేయించుకోవాలి. అప్పటికి రాబందులూ ఎలుగులూ తినగా మిగిలేది తోలు ముక్క.

కమిషన్లను తప్పించి జనాన్నే అడిగితే? మిషిగన్‌లో 2014లో రెండు ప్రజాభిప్రాయ సేకరణల్లో ఓటర్లు తోడేళ్ల వేటను కాదన్నారు. ఓటింగుకు ముందే శాసనసభ అడ్డదారిలో ఇంకో చట్టం చేసి ఉంచింది. దాన్ని 2016లో కోర్టు కొట్టేసింది. కొలరాడోలో ఇంకా ముందుకు పోయారు. అక్కడి వన్యప్రాణి కమిషన్ 2016లో తోడేళ్లను తెచ్చి వదలడానికి వ్యతిరేకంగా తీర్మానించింది. 2020 నవంబరులో తోడేళ్లను తేవాలన్న 114వ ప్రతిపాదన 50.9 శాతం ఓట్లతో గెలిచింది. డెన్వర్, బౌల్డర్ లాంటి నగరాలు అవునన్నాయి. తోడేళ్లు వచ్చి ఉండబోయే పశ్చిమ కొండ ప్రాంతపు జిల్లాలు చాలావరకు వద్దన్నాయి.

కొలరాడో శాఖ పొరుగు రాష్ట్రాలను తోడేళ్లు ఇమ్మని అడిగింది. మా దగ్గర ఎక్కువైపోయాయని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మొంటానా, ఐడహో, వయోమింగ్ ఇవ్వబోమన్నాయి.  చివరికి ఓరెగాన్ పది ఇచ్చింది. 2023 డిసెంబరులో వాటిని వదిలారు. 2025 జనవరిలో బ్రిటిష్ కొలంబియా నుంచి మరో 15 వచ్చాయి. మొదటి పదిలోని ఒక జంట 2024లోనే గ్రాండ్ కౌంటీలో ఈని, పశువుల మీద పడటం మొదలుపెట్టింది. రాష్ట్రం ఆ గుంపును పట్టి, కొన్నాళ్లు ఉంచి, వేరే చోట వదిలింది. దాన్ని పశుపాలకులూ మెచ్చలేదు, తోడేళ్ల పక్షం వాళ్లూ మెచ్చలేదు.

నష్టపరిహారానికి కొలరాడో ఏటా 3.5 లక్షల డాలర్ల నిధి పెట్టింది. చచ్చిన పశువుకు గరిష్ఠంగా 15 వేల డాలర్ల దాకా ఇస్తారు. చావలేదు కానీ భయంతో సరిగా మేయక బరువు తగ్గిన దూడలకూ, చూలు నిలవని ఆవులకూ లెక్క చూపితే ఇస్తారు. 2025 మార్చిలో కమిషన్ రెండు క్లెయిములను ఆమోదించింది. రెండూ కలిపి సుమారు 3 లక్షల 43 వేల డాలర్లు. ఆ మొత్తంలో ఎక్కువ భాగం తోడేలు పంటి గాటు పడని పశువులకే.